చినమెరక బారగరిటమ్మ

నాగావళి ఒడ్డున, చినమెరక గ్రామానికి తూర్పున, చోడి, అనగా రాగి, చేల నడుమ బారగరిటమ్మ కొలువై ఉన్నది. గుమ్మం పక్కన నిలిపిన రాతిపై ముందుగా ఆమె పెద్దల పేర్లు చెక్కి ఉన్నవి. తండ్రి బోనెల పోలయ్య సంతబాటలో దాహపు బావి తవ్వించినవాడు. మామగారు తాడి జగ్గన్న 1876 నాటి ధాత కరువులో తన చోడిపాతరను ఊరందరికీ తెరచినవాడు. అత్తగారు సన్నమ్మ ఆ చోళ్ళతో అంబలి కాచి, దారిన పోయేవారిని పేరైనా అడుగక పిలిచి పోసినది. భక్తులు ఈ ముగ్గురికీ నమస్కరించిన తరువాతనే లోపలికి వెళతారు.

లోపల విగ్రహం లేదు. ఒక మట్టికుండ, దానిపై అడ్డంగా, బారెడు వెదురుకు కొబ్బరిచిప్ప కట్టిన గరిటె మాత్రమే ఉన్నవి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. చేను కాచే మంచె ఉండేది. కాళయుక్తి సంవత్సరం, అనగా 1918, ఆశ్వయుజ మాసం. లోకాన్ని చుట్టిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఓడలలో బొంబాయికి చేరి, రైళ్ళ వెంట దేశమంతా పాకినది. రైలుపని నుండి వచ్చిన ఒక కూలి ద్వారా చినమెరకలోనూ అడుగుపెట్టినది. అతడు నాలుగవనాడు కన్నుమూశాడు. ఇంటివారు దగ్గుతూనే పెదకర్మ జరిపారు. ఊరంతా ఒకే బంతిన కూర్చుని భోంచేసినది. మూడవనాటికి ఆ బంతిలోని పడుచువారు ఇరవైమంది మంచం పట్టారు.

అప్పటికి పోలయ్య కూతురు, జగ్గన్న కోడలు దాలమ్మకు అరవై ఏళ్ళు. కొడుకు రంగూనులో ఉన్నాడు. "నువ్వున్నావని ఎల్తన్నానమ్మా" అని, గర్భవతియైన భార్య పారమ్మను తల్లికి అప్పగించి ఓడ ఎక్కినవాడు. పారమ్మకు ఇప్పుడు ఏడవ నెల. దాలమ్మ పొద్దుటినుండి రోగుల ఇళ్ళకు అంబలి మోసేది. ఆ జ్వరం నెరసిన తలలను వదలి నల్లని తలలను వెతుక్కొంటున్నదని ఆమె గమనించినది. పక్కవీధిలో ఒక నిండుచూలాలు ఒక్కరోజులో పోయినది. ఆ దినం ఇంటికి రాగా, పారమ్మ కాళ్ళకు నీళ్ళు పట్టుకొని ఎదురువచ్చినది. దాలమ్మ వీధిలోనే నిలిచిపోయినది.

"ఆగవే. సెంబు అక్కడెట్టి లోనికెల్లు."

మధ్యాహ్నం పొయ్యి పక్కన కునుకు పట్టగా, గ్రామదేవత దగ్గుతూ గడప ఆవల నిలిచినట్లు కల వచ్చినది.

"అంబలి పొయ్యవే. దగ్గరికి రాకు, నా ఊపిరి నీ ఇంట్లో కోడలికి తగులుతాది."

"దూరాన్నించి ఎలాగ పోసీది తల్లీ?"

"సెయ్యి పొడుగు సేసుకో."

మేలుకొన్న దాలమ్మ కాయలు కోసే దోటికి కొబ్బరిచిప్ప కట్టినది. ఆనాడే పారమ్మను మంచెకు పంపినది. రోజూ గట్టుపై నిలిచి, బారెడు దూరం నుండి ఆమె గిన్నెలో అంబలి పోసేది.

"అత్తా, నానేటి తప్పు సేసినాను? ఒక్కపాలి నా సెయ్యట్టుకో" అని పారమ్మ ఏడ్చినది.

"ఈ సెయ్యి ఊరందరి దగ్గూ తుడిసిందే. తాగు, సల్లారిపోతాది."

బావి వద్ద ఒకామె, "కోడలికి బారదూరాన్నించి కూడెట్టీ అత్తని ఇప్పుడే సూసినాం" అన్నది.

"నీకైతే రెండు బారలు కావాల, నీ నోటికి" అని దాలమ్మ కడవ ఎత్తుకొన్నది.

ఇంతలో ఊరిపెద్ద కుప్పినాయుడు జాతర తలపెట్టాడు. అమ్మవారి ఘటం ఎత్తే హక్కు దాలమ్మ ఇంటిది. ఆమె ఎత్తనిదే జాతర లేదు.

"అమ్మోరికి కోపమొచ్చింది, దాలీ. ఘటమెత్తు."

"అమ్మోరు నా కల్లోకొచ్చింది, నాయుడుబావూ. జాతర అడగలేదు, అంబలడిగింది. అదీ దూరాన్నించే."

"రేపు నీ కోడలికేటైనా అయితే?"

దాలమ్మ చేల వైపు తిరిగి చూసినది. పిదప, "అయితే నా కొడుక్కి నానే సెప్పుకుంటాను" అన్నది.

ఘటం లేవలేదు. పడుచువారు ఎవరి చేలలో వారు తలదాచుకొన్నారు. నలుగురు ముసలమ్మలు బారగరిటెలు పట్టి ఇంటింటికీ తిరిగారు. అంతకుముందే పద్నాలుగు మంది పోయారు. ఆ తరువాత ముగ్గురు పోయారు.

ఊరిలో దగ్గు వినబడని పదవనాడు, దాలమ్మ నాగావళిలో మునిగి మంచె వద్దకు వెళ్ళినది.

"గరిటేది అత్తా?" అన్నది పారమ్మ.

దాలమ్మ మంచె ఎక్కి, రెండు చేతులా ఆమె చేయి పట్టుకొన్నది. మార్గశిరంలో పారమ్మకు ఆడపిల్ల కలిగినది.

ఆ జ్వరానికి కారణమైన వైరస్‌ను నాటికి ఎవరూ ఎరుగరు; పదిహేనేళ్ళ తరువాతనే అటువంటిదానిని మనుషులలో కనుగొన్నారు. దగ్గు తుంపరల వెంట అది పాకుతుందని నేడు పిల్లలకు కూడా తెలుసు. వృద్ధులను అంతగా బాధించకపోవడానికి, పూర్వం వచ్చిన అటువంటి జ్వరమే వారికి కాపు కాసినదని కొందరు శాస్త్రజ్ఞులు ఊహిస్తారు, నిశ్చయంగా తేలలేదు. దాలమ్మకు మాత్రం వికృతి సంవత్సరంలో, అనగా 1890లో, అట్టి దగ్గుజ్వరమే వచ్చి తగ్గినది.

నేటికీ ఆశ్వయుజ బహుళ పంచమినాడు అరవై దాటిన అత్తలు గట్టుపై నిలిచి, కూర్చున్న కోడళ్ళకు బారగరిటెతో అంబలి పోస్తారు. తాగిన తరువాత గరిటె దింపి, వెళ్ళి చేయి పట్టుకొంటారు. దగ్గు ఉన్నవారు గుడిలోనికి రారు. వారి వంతు అంబలి ముందుగా గట్టుకు పంపుతారు. ఈ అంబలి తాగిన గర్భవతులకు సుఖప్రసవమగునని పెద్దల నమ్మకం.

దాలమ్మ తన చివరిరోజులలో పారమ్మకు అప్పగించినది సన్నమ్మ నాటి కుండ, దోటిగరిటె, దగ్గేవారికి ముందు పోయవలెనన్న మాట. ఆమె పోయిన తరువాత ఊరివారు మంచె ఉన్నచోట గుడి కట్టి, ఆమెను బారగరిటమ్మగా కొలిచారు. కుండ ఒకసారి పగిలినది. పెంకులు పీఠం కింద ఉన్నవి, పైనున్నది కొత్త కుండ. చిప్పను ఏటేటా మారుస్తారు. వెదురు ఆనాటిదే.