భుజం మీద చెయ్యి

పెద్దకర్మ అయిన ఐదో రోజున సూరిబాబు సిరాబుడ్డి తిరిగిచ్చెయ్యడానికి జోగారావు మాస్టారింటికి బయల్దేరాడు.

సిరాబుడ్డితో పాటు రెండు పాళీలు, సగం అరిగిన రబ్బరు, మొదటి ఏడాది మాస్టారు ఇచ్చిన అట్ట కూడా సంచిలో వేసుకున్నాడు. సంచి ఏమంత బరువు లేదు. అయినా తుని రైలుగేటు దాటేలోపు రెండుసార్లు చెయ్యి మార్చుకున్నాడు.

జోగారావు మాస్టారు ఒకప్పుడు హైస్కూల్లో డ్రాయింగు చెప్పేవారు. ముప్పై ఏళ్ళుగా ఒక వారపత్రికకి వారానికో కార్టూను పంపుతున్నారు. ఆ కార్టూన్లు చూసి జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు గానీ, మాస్టారి మొహం చూస్తే మాత్రం ఎవరికో సంతాపం చెప్పడానికి వచ్చిన మనిషిలా ఉంటారు. ఆయన దగ్గర ఒకటే పద్ధతి. పొద్దున్నే శిష్యుడు రావాలి. వచ్చే దారిలో చూసిందేదో ఒకటి గీసి చూపించాలి. అప్పుడే టీ.

"ఉన్నది ఉన్నట్టు గియ్యి. నవ్వు సంగతి తర్వాత చూద్దాం" అనేవారు.

మొదట్లో సూరిబాబు స్కూటరెక్కిన మేకని గీసి, అబ్బో అనుకుంటూ చూపించాడు. మాస్టారు కళ్ళజోడు పైకెత్తి, "దాన్ని కట్టిన తాడేదిరా?" అన్నారు. ఆ రోజు టీ లేదు. తాడు మర్చిపోయినందుకు, మేకు మర్చిపోయినందుకు, చెప్పుకి వేసిన మాసిక మర్చిపోయినందుకు ఆయన దగ్గర నేర్చుకున్న మూడేళ్ళలో సూరిబాబు తాగని టీలు చాలానే ఉన్నాయి. పోను పోను కంటపడినదల్లా చేతిలోకి దిగడం మొదలుపెట్టింది. పత్రికలో అతని కార్టూన్లు ఐదు పడ్డాయి. ఐదింటినీ తండ్రి తన సైకిలు షాపు తలుపుకి అంటించుకున్నాడు, వచ్చినవాడికీ పోయినవాడికీ చూపించి వాళ్ళు నవ్వేదాకా వదిలేవాడు కాదు.

ఆ తండ్రే ఇప్పుడు లేడు.

సంచి మాస్టారింటి అరుగు మీద పెట్టి సూరిబాబు నిలబడ్డాడు. మాస్టారు ఒక్కో వస్తువూ బయటకు తీసి వరసగా పెట్టుకున్నారు.

"ఏంట్రా ఇదంతా?"

"ఇంక బొమ్మలు వెయ్యనండి. పెద్దకర్మ రోజున అందరి ముందూ మాటిచ్చేశానండి."

"కూర్చో. ఏం జరిగిందో చెప్పు."

సూరిబాబు చెప్పాడు.

అతని తండ్రి నూకరాజు బతికిన యాభై నాలుగేళ్ళలో గ్రీజు మరక లేని బనీను వేసుకోగా చూసినవాళ్ళు లేరు. పెళ్ళికెళ్ళినా చొక్కా మడతపెట్టి సంచిలో పట్టుకెళ్ళేవాడు. విడిది గుమ్మం దగ్గర తొడుక్కుని, భోజనం కాగానే విప్పేసేవాడు. అలాంటి మనిషి పోతే దండ వెయ్యడానికి ఇంట్లో ఒక ఫోటో లేదు. చివరికి తల్లి చిట్టెమ్మ పెట్టె అడుగు నుంచి ఏదో పాతది తీసిచ్చింది. అప్పన్న పెదనాన్న దాన్ని స్టూడియోకి పట్టుకెళ్ళి, మా తమ్ముడు దర్జాగా ఉండాలి అని గట్టిగా చెప్పి వచ్చాడు.

స్టూడియో అతను మాట నిలబెట్టుకున్నాడు. పెద్దకర్మ రోజున, పంతులుగారు మంత్రం మధ్యలో ఉండగా, పెదనాన్న ఫోటో మీద చుట్టిన కాగితం విప్పాడు. అందులో నూకరాజు నల్లకోటు వేసుకుని, ఎర్ర టై కట్టుకుని, పక్కపాపిడి తీసుకుని ఉన్నాడు. సూరిబాబు ఆ టై వంక చూశాడు. నాన్నని ఆ ఊపిరాడని పరిస్థితిలో చూసి లోపల నవ్వు కదిలింది. అప్పటికీ పళ్ళు బిగపట్టాడు. ఇంతలో పక్కవీధి సత్యం తాత, పాపం చూపు సరిగ్గా ఆనదు, ఫోటో ముందు చెప్పులు విప్పేసి వంగి దణ్ణం పెట్టి, "ఎవరు బాబూ ఈ తాసీల్దారుగారు?" అని అడిగాడు.

అంతే. సూరిబాబుకి నవ్వొచ్చేసింది. చిన్న నవ్వు కాదు. పంతులుగారి మంత్రం ఆగిపోయింది.

"కన్నతండ్రి దినం నాడు పళ్ళికిలిస్తావురా? నీ బొమ్మలు తగలెయ్య!" అని పెదనాన్న లేచాడు. నలుగురూ తలో మాటా అన్నారు. ఇక జన్మలో బొమ్మ ముట్టుకోనని సూరిబాబు అక్కడే చెప్పేశాడు.

"వాళ్ళన్నందుకు కాదండి" అన్నాడు మాస్టారితో. "మా అమ్మ లోపలి గదిలోనే ఉందండి. ఆ నవ్వు విన్నాది. ఆ రోజు నుంచి నా మొహం చూట్లేదండి. అన్నం పెడతాది, తల పక్కకి తిప్పేసుకుంటాది. నాన్న ఎలాగూ లేడు. ఈ నవ్వుతో అమ్మ కూడా లేకుండా పోతాదేమోనండి."

ఖాళీ సంచి అందుకుని మడతపెట్టాడు. అప్పుడు అడిగాడు.

"నవ్వడం తప్పాండి మాస్టారు?"

మాస్టారు అట్ట మీద కాగితం పెట్టి అతని ముందుకి జరిపారు. సిరాబుడ్డి మూత తీశారు.

"ఆ ఫోటో గియ్యి."

"మానేశానండి."

"ఇది గీసి మానెయ్."

సూరిబాబు పాళీ ముంచాడు. ముందు పక్కపాపిడి వచ్చింది. తర్వాత బిగించిన పెదాలు. పెద్దకర్మ రోజున వాటిని చూసే చుట్టాలందరూ ఎంత గంభీరంగా ఉన్నాడో అనుకున్నారు. తర్వాత కోటు, టై. టై దగ్గరికొచ్చేసరికి మళ్ళీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాడు. తండ్రి పోయిన పదహారు రోజుల్లో అంత ఏడుపు అతనికి రాలేదు. మాస్టారు గోడ మీద కేలెండరు చూస్తూ కూర్చున్నారు.

బొమ్మ అయ్యాక కళ్ళజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. నవ్వలేదు. నూకరాజు కుడిభుజం మీద గోరు ఆనించారు.

"ఇదెవరిది?"

సూరిబాబు వంగి చూశాడు. కోటు భుజం మీద నాలుగు వేళ్ళున్నాయి. వాటి వెనక తెల్లటి చొక్కా మడత. ఆ తర్వాత మనిషి లేడు. ఫోటోలో ఉన్నాయి కాబట్టి అతని చెయ్యి గీసేసింది. అదేమిటని అతనికి ఆలోచనే రాలేదు. ఆ రోజు ఫోటో విప్పిన మరుక్షణంలోనే దండ పడి, ఆ చోటు కప్పబడిపోయింది.

"తెలీదండి. ఏ గ్రూపు ఫోటోలోంచో కత్తిరించినట్టున్నారండి. పక్కన ఎవరో ఉండుంటారు."

"ఎవరో తెలుసుకుని రా."

"మా అమ్మకే తెలియాలండి. ఈ బొమ్మ చూపించి అడగాలాండి?"

"చూపించకుండా అడగ్గలిగితే అలాగే అడుగు."

సూరిబాబు కదల్లేదు. మాస్టారు సిరాబుడ్డి మూత తీసుకుని జేబులో వేసుకున్నారు.

"మూత నా దగ్గరుంటుంది. సిరా ఎండిపోయేలోగా రా."

*

చిట్టెమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. కొడుకు రావడం చూసి, అలవాటైపోయినట్టు తల పక్కకి తిప్పుకుంది.

సూరిబాబు కాగితం ఆమె ముందు, గోంగూర పక్కన పెట్టాడు. పెట్టిన మరుక్షణమే ఎందుకు పెట్టానా అనిపించింది. తీసేద్దామని చెయ్యి చాచేలోగా ఆమె దాన్ని అందుకుంది.

చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"అమ్మా, ఏడవకే" అన్నాడు సూరిబాబు. "చింపేత్తానే. ఇంకెప్పుడూ గియ్యను."

చిట్టెమ్మ చెంగు తీసింది. ఆమె ఏడవట్లేదు.

"ఆ టై చూడరా! సంతలో ఎద్దుకి కట్టినట్టు కట్టాడు స్టూడియోవోడు" అంది. అని, మళ్ళీ మాట రాక నేల మీద చేత్తో కొట్టింది.

సూరిబాబు ఆమె మొహంలోకి వంగి చూశాడు.

"నీకు కోపంగా లేదా అమ్మా?"

"కోపం దేనికిరా? ఆ రోజు సత్యం బాబాయి తాసీల్దారంటే నాకూ వచ్చేసింది. లోపల చెంగు నోట్లో కుక్కేసుకున్నాను. పక్కనున్న ఆడోళ్ళు ఏడుత్తున్నాననుకుని వీపు రాశారు. నీ మొకం చూత్తే మళ్ళీ వచ్చేత్తాదేమోనని చూట్లేదురా. ఇంట్లో చుట్టాలున్నారు కదా. ఏవనుకుంటారు?"

అతను గుమ్మానికి ఆనుకుని కూర్చున్నాడు. ఐదు రోజుల నుంచి గుండెల మీద ఉన్నదేదో దిగిపోయింది. కాసేపయ్యాక గాని వచ్చిన పని గుర్తుకు రాలేదు.

"అమ్మా, ఈ చెయ్యెవరిదే?"

ఆమె కాగితం దగ్గరగా పెట్టుకుని చూసింది. నవ్వు మెల్లగా తగ్గింది.

"నాదేరా."

"నీదా?"

"పెళ్ళైన ఏడాది తలుపులమ్మ తల్లి గుడికి, లోవకి ఎళ్ళాం. అక్కడ తెర కట్టి ఫోటోలు తీసేవోడు ఉండేవోడు. భుజం మీద చెయ్యి ఎయ్యమ్మా అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. పెట్టెలోంచి తీసిచ్చినప్పుడు ఇద్దరం ఉన్నామురా. తిరిగొచ్చేతలికి ఆయనొక్కడే ఉన్నాడు."

ఆమె వేలితో ఆ నాలుగు వేళ్ళనీ ముట్టుకుంది. తర్వాత నూకరాజు పెదాల దగ్గరికి వచ్చి ఆగింది.

"మీ పెదనాన్న గంభీరంగా ఉన్నాడంటున్నాడు. గంభీరమా పాడా? మీ నాన్నకి కితకితలెక్కువరా. ఎవరు భుజం మీద చెయ్యేసినా మెలికలు తిరిగిపోయేవోడు. ఆ ఫోటోవోడు నవ్వొద్దు, నవ్వొద్దు అంటన్నాడు. ఈయన పెదాలు బిగబట్టుకుని, ఒళ్ళంతా వణుకుతా నిలబడ్డాడు. తీసేదాకా ఆపుకుని, తీసిన మరుక్షణం కింద కూలబడిపోయి నవ్వాడు."

పక్కింట్లో కుక్కరు కూత వేసింది.

"నా చేతికి గాజులుండాలిరా" అంది చిట్టెమ్మ. "ఆకుపచ్చయి. లోవలోనే కొన్నాడు, తనే ఏరాడు. ఆ స్టూడియోవోడు వాటి మీద చొక్కా చెయ్యి ఎట్టేశాడు."

అలా అంటూ తన మణికట్టు వంక చూసుకుంది. పదో రోజున గాజులు తీయించిన చోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది. అప్పుడు ఏడ్చింది. సూరిబాబు ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె ఏడవడం అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు.

*

అతను తిరిగి వెళ్ళేసరికి మాస్టారు అరుగు మీద ఎక్కడ కూర్చున్నవారు అక్కడే ఉన్నారు. సిరాబుడ్డి మీద చిన్న సాసరు బోర్లించి ఉంది. మూత మాత్రం జేబులోనే ఉన్నట్టుంది.

"ఎవరిదట?"

సూరిబాబు సాసరు తీసి పాళీ ముంచాడు. వెంట తెచ్చిన కాగితం మీద ఆ చొక్కా మడత గీతల్ని సన్నగా కొట్టేసి, వాటి పైన మణికట్టు గీశాడు. మణికట్టుకి ఒక గాజు వేశాడు. పక్కన ఇంకొకటి. తొందరపడకుండా, ఒకదానికొకటి తగలకుండా వేసుకుంటూ పోయాడు. సిరా నల్లదే అయినా అతనికి ఆకుపచ్చగానే కనిపిస్తున్నాయి.

నూకరాజు మొహం జోలికి పోలేదు. ఒక్క గీత కూడా మార్చలేదు.

ఆఖరి గాజు అయ్యాక కాగితం మాస్టారి ముందుకి జరిపాడు. ఆయన కళ్ళజోడు పైకెత్తారు. ముందు గాజుల వంక చూశారు. తర్వాత వేళ్ళ వంక, తర్వాత బిగించిన ఆ పెదాల వంక.

మూడేళ్ళలో సూరిబాబు ఎన్నడూ చూడనిది అప్పుడు చూశాడు. మాస్టారు నవ్వారు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. జేబులోంచి మూత తీసి శిష్యుడి చేతిలో పెట్టారు.

"ఎంతసేపు ఆపుకున్నాడో పాపం" అన్నారు.