ఆమె గొంతుతో ఒక మాట

నిన్ను నమ్మిన మనిషిని పదిమందిలో నవ్వులపాలు చేసి, తమాషాకి చేశానంటావా? సిగ్గుపడు. జిలానీ కూడా అదే అన్నాడు. వాడికేమైందో విను.

జిలానీ సముద్రం ఒడ్డు దర్గాలో ఖాదర్ పీరు గారి శిష్యుడు. మెహరున్‌తో వాడికి పెళ్లి కుదిరింది. ఆమెకు నత్తి. నలుగురిలో నోరు విప్పేది కాదు. వీడితో మాత్రం ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడేది. ఆ నత్తిని వెక్కిరిస్తూ వీడు రీల్స్ చేసి పెట్టాడు. ఆమె పేరు కూడా పెట్టాడు. చూసినవాళ్లు విరగబడి నవ్వారు. ఇంకా చేశాడు.

మెహరున్ మాట్లాడటం మానేసింది. నిశ్చితార్థం ఉంగరం తిప్పి పంపింది.

జిలానీ దర్గాకు పరుగెత్తాడు. సాయంత్రమైంది. సముద్రం మీది పొగమంచు లోపలికొచ్చి సాంబ్రాణి పొగలో కలిసిపోయింది. గోడలు ఎక్కడో దూరంగా తేలుతున్నట్టున్నాయి. ఆ తెల్లదనం మధ్య పీరు గారు కూర్చుని ఉన్నారు.

"బాబా, ఆ రీల్స్ అన్నీ తీసేశాను. అయినా ఫోనెత్తడం లేదు. ఆమె కోసం దువా చెయ్యండి."

"ఎందుకు చేశావురా ఆ పని?"

"ఊరికే, తమాషాకి. అందరూ నవ్వారు బాబా."

"ఆమె నవ్విందా?"

"దువా చెయ్యండి బాబా" అని మళ్లీ అడిగాడు జిలానీ.

ఆ దర్గాలో ఒక పద్ధతి ఉంది. ఎవరి కోసం దువా అడుగుతామో, వాళ్లు మనతో అన్న మంచి మాట ఒకటి, వాళ్లు అన్నట్టే పీరు గారికి వినిపించాలి. అది విన్నాకే ఆయన దువాకు చేతులెత్తుతారు.

జిలానీకి మాట గుర్తుంది. పెళ్లి కుదిరిన రోజు, ఒక్క తడబాటు లేకుండా అంది: "నీ దగ్గర నాకు భయం లేదు."

చెప్పబోయాడు.

"నీ... నీ... నీ..."

మెడ పక్కకు వాలింది. కళ్లు తేలేశాడు. అచ్చం రీల్స్‌లో చేసినట్టే.

"ఇది నువ్వు. ఆమె మాట చెప్పు" అన్నారు పీరు గారు.

కళ్లు మూసుకున్నాడు. పొగలోంచి ఆమె ఆకుపచ్చ ఓణీ వచ్చింది. ముఖం వచ్చింది. పెదవులు కదిలాయి. వాటిలోంచి వీడి వెక్కిరింతే వినిపించింది.

పీరు గారి చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"బాబా, దువా..."

"ఎవరి కోసం అడగనురా? ఆమెను తీసుకురాలేదు కదా నువ్వు, నీ వెక్కిరింతనే తెచ్చావు."

మరుసటేడు మెహరున్‌కు వేరేచోట నిఖా అయింది. ఆమె ఇప్పుడు ఆ ఇంట్లో అందరితోనూ మాట్లాడుతుందట. జిలానీకి మాత్రం, ఎంత తలుచుకున్నా, ఆ గొంతు మళ్లీ వినపడలేదు.