నీలవేణి వేళ్ళు, అంటుకొమ్మ

అనగనగా గోదావరి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో మనుషులకంటే పూలకుండీలే ఎక్కువ. అక్కడ మొక్కలకి అంట్లు కట్టే సత్తియ్యకి ఒక కూతురుండేది. పేరు నీలవేణి.

ఆ పిల్ల వేళ్ళు వెనక్కి వంచితే విల్లులా వంగేవి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఏదీ, ఒకసారి వంచు అనేవారు. వంచితే బెల్లం ముక్క పెట్టేవారు. వాళ్ళకి వేడుక, పిల్లకి నొప్పి. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మూడో తరగతికి వచ్చేసరికి రాత ఎక్కువైంది. పెన్సిలు పట్టుకుంటే వేలి కణుపు లోపలికి కుంగిపోయేది. నాలుగు వరసలు రాసేసరికి చెయ్యి పీకేసేది. మాస్టారు అది బద్ధకం అన్నాడు. ఇలాగైతే మళ్ళీ ఇదే తరగతిలో కూచోబెడతానన్నాడు. అప్పుడు నీలవేణి సంచి వసారాలో పడేసి, ఇక బడికి పోనంది.

వాళ్ళమ్మకి కూతురంటే ప్రాణం. రోజూ పడుకోబెట్టే ముందు నువ్వులనూనె రాసి, ఒక్కో వేలూ లాగి మెటికలు విరిచేది. ఒక వేలు లాగి దిష్టి పోవాలనేది. ఇంకో వేలు లాగి నరం సాగాలనేది. మూడో వేలు లాగి చదువు రావాలనేది. తెల్లారేసరికి వేళ్ళు బూరెల్లా వాచేవి. ఆవిడ మర్నాడు ఇంకాస్త గట్టిగా లాగేది.

వాపు తగ్గకపోయేసరికి అమ్మా నాన్నా పిల్లా ముగ్గురూ బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళారు. చెయ్యి కోస్తారేమోనని పిల్ల దారంతా చేతులు అమ్మ కొంగులో దాచుకుంది. అక్కడ చేతులకి కసరత్తు నేర్పే కమలమ్మ అనే ఆవిడ, కోతా లేదు, సూదీ లేదు అంది. కీళ్ళని పట్టి ఉంచే కట్టు ఈ పిల్లకి పుట్టుకతోనే వదులు, ఇది వంశంలో వస్తుంది అంది. వేళ్ళు వెనక్కి పోకుండా మూడు ప్లాస్టిక్ ఉంగరాలు తొడిగింది. పిండిలాంటి మెత్తటి ముద్ద ఇచ్చి మెల్లగా పిసకమంది, నొప్పి రాకముందే ఆపమంది. పెన్సిలుకి గుడ్డ చుట్టి లావు చేసింది. చివర్న, ఈ వేళ్ళు ఎవరూ లాగకూడదంది.

అమ్మకి కోపం వచ్చింది. కన్నతల్లి చెయ్యి తగిలితే బిడ్డకి చెడుపా అని బస్సులో గొణిగింది. అప్పుడు సత్తియ్య అన్నాడు.

“మొన్న కట్టిన అంటుని నువ్వు రోజూ లాగి చూస్తావా?”

ఆవిడ రెండు రోజులు పిల్ల వేళ్ళ జోలికి పోలేదు. మూడో రోజు అలవాటుకొద్దీ పిల్ల వేలు పట్టుకుంది. లాగలేదు. గోధుమపిండి ముద్ద తెచ్చి పిల్ల చేతిలో పెట్టి, పక్కనే కూచుని తనూ ఒక ముద్ద పిసికింది.

వానలు వెళ్ళి చలి వచ్చేసరికి నీలవేణి అరపేజీ రాసింది. వాళ్ళమ్మ ఆ కాగితం పట్టుకెళ్ళి మాస్టారి బల్ల మీద పెట్టింది.

“మీ బద్ధకపు పిల్ల రాసింది. దిద్దండి మాస్టారూ.”

ఆయన దిద్దాడు. నీలవేణి మళ్ళీ బడికి వెళ్ళింది, ఏడాది చివర ఆయనే పైతరగతికీ పంపాడు.

నొప్పి పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. ఎక్కువ రాస్తే ఇప్పటికీ వస్తుంది. వస్తే ఆపుతుంది, తగ్గాక మళ్ళీ రాస్తుంది. మన నర్సరీలో కుండీలన్నిటి మీదా పేర్లు ఆ చేత్తో రాసినవే.

ఏమిటే, లేచి కూచున్నావు? అవును, మీ అమ్మే. మెటికలు విరిచిన మూర్ఖురాలెవరో కూడా తెలిసిపోయిందా? సరే, నేనే. నీ వేళ్ళూ మీ అమ్మ వేళ్ళే. రేపు నీకు తొడిగే ఉంగరాలు వద్దని పొద్దుట్నించీ ఏడుస్తున్నావు కదా, ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వు. లాగనులే. పట్టుకుంటానంతే.

లేత కొమ్మకి కర్ర కట్టు,
లేత వేలికి ఉంగరం పట్టు.
కథ చేరింది కంచి గట్టు,
మనం ఇంట్లోనే, మారాం కట్టిపెట్టు.