పొగ దగ్గర ఇద్దరు

ఆ ఏడు వెస్లీకి తన ఊళ్లో కట్టెపొగ మీద రోజంతా మగ్గబెట్టే మాంసం, బార్బెక్యూ మీద బెంగ పట్టుకుంది.

వెస్లీ టెక్సస్‌వాడు. ఆదోనిలో హజరత్ కరీముల్లా షాకు శిష్యుడై, దర్గా పక్కింట్లో ఆయనతోపాటే ఉంటున్నాడు. వచ్చి తొమ్మిదేళ్లయింది. అన్నాళ్లూ జొన్నరొట్టెతో తృప్తిగా గడిపినవాడు, చలికాలంలో వదిన దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చాక మారిపోయాడు. అన్న క్లైడ్ చనిపోయాడని అందులో ఉంది. మట్టి చేయడం కూడా అయిపోయిందట.

ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపిన బార్బెక్యూ కొట్టు అమ్మేసే విషయంలో పోట్లాడుకున్నారు. అప్పుడు ఇల్లు వదిలిన వెస్లీ మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఉత్తరం సంగతి ఎవరికీ చెప్పలేదు, గురువుకు కూడా.

ఆ రుచి వెతుక్కుంటూ నెలకోసారి సెలవడిగి రైలెక్కేవాడు. హైదరాబాదులో ఒకచోట మాంసం మీద బెల్లప్పాకంలా సాసు పోశారు. బెంగళూరులో గ్యాసు మీద కాల్చి, సీసాలోంచి పొగవాసన చల్లారు. గోవాలో మాంసం మెత్తగానే ఉంది గాని కట్టెపొగ సోకనే లేదు. ప్రతిసారీ రెండు ముక్కలు కొరికి, పళ్లెం నెట్టేసి, ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చేవాడు. ధ్యానానికి కూర్చుంటే మనసు నిలిచేది కాదు.

ఎండలు ముదిరాక ఒకనాడు గురువు ముందు కూర్చున్నాడు.

"హజరత్, సింగపూర్‌లో అచ్చం మావాళ్లు చేసినట్టే చేస్తారట. వెళ్తాను. ఎప్పుడొస్తానో తెలీదు."

గురువు జపమాల పక్కన పెట్టాడు.

"నీకు వండడం రాదా?"

"వచ్చు. చిన్నప్పట్నుంచీ అదే పని."

"మరి ఊళ్లు తిరగడం దేనికి?"

వెస్లీ నేలచూపులు చూశాడు. "తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా మంట కాయాలి. ఎగదోయకూడదు, ఆరనివ్వకూడదు. ఒక్కడి వల్ల అయ్యేది కాదు."

"ఎందరు కావాలి?"

"ఇద్దరు."

గురువు లేచాడు. కసాయి షుకూర్‌కు చెప్పి దున్న రొమ్ముమాంసం తెప్పించాడు. పెరట్లో తుప్పుపట్టి పడున్న ఇనుప పీపా కడిగించాడు. మర్నాడు తెల్లవారుజాము నమాజు కాగానే ముక్కాలిపీట తెచ్చుకుని పీపా పక్కన కూర్చున్నాడు.

"అంటించు" అన్నాడు.

వెస్లీ మాంసానికి ఉప్పూ మిరియాలపొడీ పట్టించి, పీపాలో తుమ్మకట్టెలు రాజేసి, దాన్ని పైన జాలీ మీద పెట్టి మూత వేశాడు. మధ్యాహ్నానికి వడగాలి మొదలైంది. గురువుకు ఎనభై దాటాయి, పైగా ఉబ్బసం. పొగ అటు తిరిగినప్పుడల్లా దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"లోపలికి వెళ్లండి హజరత్, నేను చూసుకుంటాను."

"ఇద్దరన్నావుగా" అంటూ ఆయన ఇంకో కట్టె అందించాడు.

పొద్దు వాలుతుండగా వెస్లీ మూత ఎత్తి చూసి, తల తిప్పకుండానే ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఇంకో గంట పడుతుందేమోనని ఎవరినో అడిగినట్టు. ఆ అడిగింది గురువును కాదు. అన్నాక తనే ఉలిక్కిపడి మూత దించేశాడు. గురువు విని, అతనికేసి ఓసారి చూశాడు.

సూర్యాస్తమయం నమాజయ్యాక మాంసం దించారు. పైన నల్లటి పెచ్చు. కోస్తే లోపల గులాబీరంగు అంచు. కోసిన ముక్కలోంచి పొగవాసన తగలగానే వెస్లీకి తెలిసిపోయింది. నోట్లో పెట్టి చూడనక్కర్లేదు.

"కుదిరిందా?"

"కుదిరింది, హజరత్."

కాని చెయ్యి పళ్లెం మీదికి పోలేదు. ఇన్నాళ్లు ఊరూరా వెతికిన తిండి ముందుంటే, దానికేసి చూస్తూ కూర్చుండిపోయాడు.

గురువు ఆ పళ్లెం తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. మిగిలిన నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి వేశాడు. తలమీద గుడ్డ సర్దుకుని రెండు అరచేతులూ పైకి పట్టాడు. పోయినవాళ్ల పేర వండినదాని ముందు ఫాతెహా ప్రార్థన చదివేటప్పుడు ఆ ఇంట్లో అలాగే చేస్తారు. వెస్లీ అది ఎన్నోసార్లు చూశాడు.

"పేరు చెప్పు, బేటా."

వెస్లీ ఆరిపోతున్న నిప్పులకేసి చూశాడు. గురువు చేతులు దించలేదు.

"క్లైడ్" అన్నాడు వెస్లీ చివరికి.

గురువు మెల్లగా చదివాడు. అయ్యాక అరచేతులు ముఖానికి రాసుకుని, పళ్లెం అతని ముందుకు జరిపాడు.

"ఇప్పుడు తిను."