గోడంత టీవీలో రాజావారు

వినండి! సింగవరం కోటకి గోడంత టీవీ దిగిన రోజు నేనక్కడే ఉన్నాను. పన్నెండు ఏనుగులు మోయలేకపోతే నేనే ఓ భుజం కాశాను.

"ఇందులో కనిపించిందే నిజం ప్రభూ! చీమ మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు," అన్నాడు అమ్మకానికి తెచ్చిన గవరయ్యశెట్టి.

రాజు మురిసిపోయి, "ఇక గోడల మీద బొమ్మలెందుకు? పైడయ్యని పంపించేయండి," అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా రాజు బొమ్మలు గీసి బతుకుతున్న పైడయ్య చేతులు కట్టుకుని, "చిత్తం. ముందు అందులో తమరి ముఖం చూపించమనండి. నా బొమ్మకన్నా బాగుంటే నేనే పోతాను," అన్నాడు.

చూపించారు. అబ్బో! మశూచి గుంటల్లో వరి నాటొచ్చు. ముక్కు మీది పులిపిరి పనసకాయంత! సభంతా నోట్లో ఉత్తరీయాలు కుక్కుకుంది.

"శెట్టిగారూ, ఇది నిజమేనా?" అడిగాడు పైడయ్య.

శెట్టి గబగబా చేతులూపాడు. "లేదు లేదు! పెట్టె అబద్ధమాడుతోంది ప్రభూ!"

"అబద్ధాల పెట్టె నాకెందుకు?" అని గర్జించి, రాజు పైడయ్య వైపు తిరిగాడు. "మరి నీ బొమ్మల్లో ఇవేవీ లేవేం?"

"నేనెప్పుడూ తమర్ని దణ్ణం పెట్టే దూరం నుంచే చూశాను ప్రభూ. అంత దూరానికి ఇవి కనబడవు."

రాజు పగలబడి నవ్వి, టీవీ తీయించేసి, ఆ గోడ కూడా పైడయ్యకే ఇచ్చాడు. "పులిపిరి వద్దు," అని మాత్రం చెవిలో చెప్పాడు.