పూత చూసిన గురుబారి

కొండెక్కి దిగి వచ్చారు కదా. ఏం చూశారో ముందు చెప్పండి. మబ్బు చూశామంటారు. సరే. మబ్బులో ఏం చూశారు? పొదలు చూశామంటారు. ఎన్ని రకాలు? ఒకటే రకం అంటారు. సరిగ్గా చూడలేదు. మీకంటే ముందు ముగ్గురు పెద్దమనుషులు కూడా సరిగ్గా చూడలేదు. వాళ్ల చేతుల్లో గొడ్డళ్లున్నాయి, అంతే తేడా. కూర్చోండి. వినండి.

కొండలకి ఇంకా హద్దురాళ్లు పాతని కాలం. అడవికి కాపలాదారు రాని కాలం. మబ్బులమెట్ట అని ఒక కొండ. ఏడాదిలో ఎనిమిది నెలలు దాని నెత్తి మీద మబ్బే. ఆ కొండ కింద పాలగెడ్డ అని ఒక ఊరు. ఆ ఊళ్లో గురుబారి అని ఒక ఆడమనిషి.

గురుబారికి పిల్లలు పుట్టలేదు. ఆమె మొగుడు మితుల మూడేళ్లు చూశాడు. గొడ్రాలివని బయటికి గెంటాడు. ఐత్రి అనే ఇంకో పిల్లని తెచ్చుకున్నాడు. ఇంకో మూడేళ్లు గడిచాయి. ఐత్రికీ పుట్టలేదు. ఐత్రినీ గొడ్రాలన్నారు. మితులని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అతను మీసం దువ్వుకుంటూ సంతకి పోయేవాడు, వచ్చేవాడు.

గురుబారి కొండ నెత్తికి కాస్త కింద గుడిసె వేసుకుంది. దుంపలు తవ్వుకునేది. చీపుర్లు కట్టి సంతలో ఇచ్చి ఉప్పు తెచ్చుకునేది. ఆమెకి ఇరుగూ పొరుగూ చెమరపొదలే.

చెమరపొద ఛాతీ ఎత్తు పెరుగుతుంది. పెద్ద చెట్ల నీడలో, మబ్బు వచ్చి కొట్టుకునే వైపే ఉంటుంది. వేరు కదిలిస్తే చస్తుంది. ఆకు అడుగున పిల్లికూన పొట్ట మీద ఉన్నట్టు నూగు. ఆ నూగు మబ్బుని పట్టి చుక్కలు చుక్కలుగా నేలకి దించుతుంది. వాన లేని రోజు కూడా పొద కింద నేల తడిగా ఉంటుంది. మాఘంలో శనగగింజంత నీలం కాయలు కాస్తాయి. కాయకి ఒకటే గింజ. పులుపు, వెనకనే చేదు. చలిజ్వరానికి ఆ చుట్టుపక్కల అదొక్కటే మందు.

వానలు వెనకబట్టాక చెమరపొద పూస్తుంది. పూత కాలంలో కొండమ్మ ముట్టయిందని ఊరి కట్టు. ఆ నెల మగవాడు మెట్టెక్కకూడదు. ఆడవాళ్లు కట్టెలకి ఎక్కుతారు, కానీ పూత సంగతి మగవాళ్ల ముందు ఎత్తకూడదు. అందుకని పూత చూసినవాళ్లు ఆడవాళ్లు. కాయ తిన్నవాళ్లు మగవాళ్లు. గొడ్డలి పట్టినవాళ్లూ మగవాళ్లే.

ఒక ఏడాది, కొండ దిగువ కోటలో ఉండే రాజుగారికి చలిజ్వరం వచ్చింది. చెమరకాయ తిని లేచి కూర్చున్నాడు. ఏడాదికి మూడు గంపల కాయ పంపమని ముఠాదారుకి కబురు పెట్టాడు. ముఠాదారంటే ఆ కొండలకి రాజు పెట్టిన పెద్ద. కాయ చూస్తే గంపన్నరే ఉంది. ముఠాదారు ఊరి నాయుణ్ణీ, మంచిచెడ్డలు చెప్పే దిసారినీ వెంటబెట్టుకుని మెట్టెక్కాడు. ముగ్గురూ పొదల్ని చూశారు.

"సగం పొదలకి కాయే లేదు. ఉత్తినే మబ్బు తాగి బతుకుతున్నాయి," అన్నాడు ముఠాదారు.

"ఆ మబ్బు కాసేవాటికి పోతే కాయ రెండింతలవుద్ది," అన్నాడు నాయుడు.

"కోడిని కోసి అడుగుతాను," అన్నాడు దిసారి. అడిగాడు. కోడి ముఠాదారుకి నచ్చిన మాటే చెప్పింది, కాయలేని పొదలు నరకమని. కూర దిసారి తిన్నాడు.

గురుబారి ఊళ్లోకి దిగి సభలో నిలబడింది.

"దొరా, అవి గొడ్డువి కావు. అవీ పూస్తాయి. వాటి పూలల్లో పసుపు పొడి ఉంటది. కాసేవాటి పూలల్లో పొడి ఉండదు, జిగురు నాలుక ఉంటది. చిన్న ఈగ ఆ పొడి తెచ్చి ఈ నాలుకకి రాస్తేనే కాయ. అవి మగవి దొరా."

ముఠాదారు నవ్వాడు.

"మగవా? పొదకి మొగుడేటే? నీకెలాగూ లేడని పొదలకి కడుతున్నావా?"

అందరూ నవ్వారు. మితుల అందరికంటే గట్టిగా నవ్వాడు. గురుబారి ఆడవాళ్ల వైపు చూసింది. వాళ్లందరూ ఆ పూలు చూసినవాళ్లే. ఒకత్తె పిల్లకి పేలు చూసింది. ఒకత్తె నేల గీసింది. ఒకత్తె కొంగు సర్దుకుంది. వాళ్ల భయం వాళ్లది. కానీ ఆ రోజు నోళ్లు మూసుకున్నది వాళ్లే. అది కూడా చెప్పుకోవాలి.

"పూతదాకా ఆగండి. వచ్చి మీ కళ్లతో చూడండి," అంది గురుబారి.

"పూతలో మగాడు ఎక్కితే కొండమ్మ ఊరుకోదు," అన్నాడు దిసారి.

"అయితే చూడకుండా నరికితే ఊరుకుంటదా?"

"గొడ్రాలికి గొడ్డుపొద మీద జాలి," అన్నాడు నాయుడు. మళ్లీ నవ్వారు.

మూడు రోజులు నరికారు. మూడో రోజు చివరి పొదని గురుబారి కావలించుకుంది. మితులే వచ్చి ఆమె జుట్టు పట్టి పక్కకి లాగాడు. పొద పడింది.

మరుసటి ఏడు మిగిలిన పొదలు పూశాయి. కాయ లేదు. రెండో ఏడు పూశాయి. కాయ లేదు. ఊళ్లో చలిజ్వరం వచ్చింది. ఏడుగురు పోయారు. నవ్వినవాళ్లే పాడెలు మోశారు. అప్పుడైనా తెలిసిందా? తెలియలేదు. గురుబారి కన్ను పడిందన్నారు. ఆమె గుడిసె మీద రాళ్లేశారు.

మూడో ఏడు పూత వచ్చింది. మూడు కొండల అవతల దేవుడిమెట్ట మీద పది చెమరపొదలు ఉన్నాయి. గురుబారి నడిచి వెళ్లి పొడి ఉన్న పూల రెమ్మ కోసుకుని వచ్చింది. వచ్చేసరికి ఎండకి పువ్వు మాడింది. మళ్లీ వెళ్లింది. తిరిగి వస్తుంటే వాన పట్టుకుంది, పొడి కడుక్కుపోయింది. మూడోసారి సొరబుర్రలో తడి నాచు పరిచి, రెమ్మ అందులో పెట్టి, పైన ఆకు కట్టి, పరుగున వచ్చింది. మబ్బులో చేతులు కొంకర్లు పోతుంటే ఒక్కో పువ్వుకీ ఒక్కో పువ్వు తాకించింది. మూడు పొదలకి తాకించేసరికి పొడి అయిపోయింది.

మాఘంలో ఆ మూడు పొదలే కాశాయి. నలభై కాయలు.

అదే నెల గురుబారికి చలిజ్వరం పట్టుకుంది. గుడిసె వైపు ఎవరూ రాలేదు. ఐత్రి ఒక్కతే మొగుడి కన్నుగప్పి వచ్చింది. చోడి అంబలి తెచ్చింది. వణుకుతున్న మనిషి ఒళ్లో కాయలు చూసింది.

"అప్పా, తిను. మూడు కాయలు చాలు, లేస్తావు."

"చెమరగింజ ఎండితే చస్తది. తడి నాచులో వెంటనే పెట్టాలి. నువ్వు పట్టుకో, నడు."

"ముప్ఫై ఏడు పెడదాం. మూడు తిను."

"మొలిచినవాట్లో ఏది ఆడదో ఏది మగదో పూసేదాకా ఎవరికీ తెలీదే పిల్లా. సగం పురుగు తింటది, పావు కణితి దుప్పి తొక్కుద్ది. మిగిలిందాంట్లో రెండు రకాలూ ఉండాల. ఏ మూడు తినమంటావు?"

ఐత్రి కాయలు కొంగులో పోసుకుంది. ఇద్దరూ పాకుతూ నలభై గింజలూ తల్లిపొదల కింద నాచులో పెట్టారు.

కాయ కాసిందని తెలిసి ముఠాదారు ఎక్కి వచ్చాడు.

"రాజుగారి కాయ ఏదే?"

"భూమిలో ఉంది. తవ్వుకో," అంది గురుబారి. "తవ్వు దొరా. ఇది కూడా అయిపోతే నీకు నరకడానికి పొదే ఉండదు. అప్పుడు ఆ గొడ్డలితో గడ్డం గీసుకో."

ముఠాదారు ఆమె మొహం చూశాడు. నాచు చూశాడు. వంగలేకపోయాడు. దిగిపోయాడు.

నాలుగో రోజున గురుబారి చనిపోయింది. మొలక చూడలేదు. ఐత్రి ఒక్కతే గొయ్యి తవ్వి అక్కడే పెట్టింది. మితుల ఇంటికి మళ్లీ వెళ్లలేదు. ఆ గుడిసెలోనే ఉండి మొలకల చుట్టూ ముళ్లకంప కట్టింది.

ఏడేళ్లకి ఆ మొలకల్లో పంతొమ్మిది పొదలై పూశాయి. ఐత్రి ఊళ్లోకి దిగింది. ముఠాదారు అప్పటికి ముసలివాడు. అతని మనవరాలు వదిలి వదిలి వచ్చే చలిజ్వరంతో చాపమీద వణుకుతోంది.

"మాఘంలో కాయ ఇస్తాను," అంది ఐత్రి. "ముందు మగాళ్లందరూ పూతలో మెట్టెక్కాల. చూడాల."

"కట్టు తప్పుద్ది," అన్నాడు దిసారి.

"ఏడుగురు చచ్చినప్పుడు నీ కట్టు ఏటి చేసింది?"

ఎక్కారు. పంతొమ్మిదిలో ఎనిమిదింటికి పసుపు పొడి, పదకొండింటికి జిగురు నాలుక. చూశారు. ఎవరూ నవ్వలేదు. ముఠాదారు తలపాగా తీసి గురుబారి గోరీ మీద పెట్టాడు. పెడితే ఏం లాభం? ఆమె లేచి తీసుకుంటుందా?

ఇప్పటికీ పాలగెడ్డలో కొత్త పెళ్లికొడుకు మొదటి పూతలో మెట్టెక్కాలి. మగపువ్వు కోసి ఆడపువ్వుకి తాకించాలి. "ఇది గురుబారి చెయ్యి" అని మూడుసార్లు అనాలి. అప్పుడే ఆడవాళ్లు అతనికి అన్నం పెడతారు. ఇప్పటికీ మొదట కోసిన నలభై కాయలు ఎవరూ తినరు, నాచులో పెడతారు. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరైనా ఆడమనిషిని గొడ్రాలంటే, అన్నవాడు ఎంత పెద్దవాడైనా సరే, ఏడు రోజులు కుండతో నీళ్లు మోసి మెట్టమీది మొలకలకి పోయాలి. దారిలో కనపడ్డ ప్రతి ఆడదీ "ఎందుకు మోస్తున్నావు?" అని అడుగుతుంది. అతను జవాబు చెప్పాలి.

అది పాలగెడ్డ. మీ ఊళ్లో కూడా ఆ మాట అన్నారు. మీరు వినే ఉంటారు. అన్న రోజు మీరేం చేశారు?