సీటు కింద పేరు

అనగనగా ఒక రాజు. ఆ రాజుగారికి ఏనుగులు లేవు, గుర్రాలు లేవు. మూడు పాత పికప్ బండ్లు మాత్రం ఉన్నాయి.

నవ్వకండి. రథాలన్నీ మూలపడిన కాలం అది. పైగా అవి అల్లాటప్పా బండ్లు కావు. రాజుగారి తాతగారి హయాంలో ఏరు పొంగి కోనవరం మునిగిపోతే, ఆ మూడు బండ్లే మూడు రోజులు ఆగకుండా తిరిగి జనాన్ని కొండ మీదికి చేర్చాయి. వెనక తొట్టిలో పెద్దవాళ్లు, ముందు క్యాబిన్‌లో బాలింతలు, పసిపిల్లలు. కోనవరంలో ఆ బండ్లకు రుణపడని ఇల్లు లేదు.

అలాంటి బండ్లు షెడ్డులో పడి ఏళ్ల తరబడి తుప్పు పట్టాయి. చూసి రాజుగారి మనసు చివుక్కుమంది. ఇంజన్లు బాగు చేయించారు. పైరేకులు సరిచేయించి రంగు వేయించారు. ఇక క్యాబిన్ లోపల పని ఒక్కటే మిగిలింది. అప్పుడు ఊరంతా దండోరా వేయించారు.

"ముగ్గురు రంగులవాళ్లకు తలా ఒక బండి! గడువు ఒక నెల! ఎవరి పని మిన్న అయితే రాజావారి బండ్ల కార్ఖానా పెత్తనం వారిదే! దసరా ఊరేగింపులో ఆ బండి ముందు నడుస్తుంది. రాజావారే స్వయంగా నడుపుతారహో!"

ముగ్గురు ముందుకొచ్చారు. మొదటివాడు గవర్రాజు. నోరు పెద్దది, చెయ్యి వేగం. రెండోవాడు తాతబ్బాయి. పువ్వులూ తీగలూ దిద్దడంలో దిట్ట. మూడో మనిషి నూకాలు. ఎద్దుల కొమ్ములకు రంగులు వేసుకుని బతుకుతోంది. ఒకప్పుడు ఆ కార్ఖానాలో కుంచె పట్టింది వాళ్ల నాన్నే. ఆయన పోయాక ఆ చోటు ఆడపిల్లకు ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"కొమ్ములకు రంగేసే చేతికి మోటారు బండి కావాలట!" అని గవర్రాజు నలుగురిలో నవ్వాడు.

నూకాలుకు ఒళ్లు మండింది. "ఓడిపోతే ఈ జన్మలో మళ్లీ కుంచె పట్టను," అని అందరి ముందూ అనేసింది. అనేశాక నాలిక కరుచుకుంది. ఏం లాభం? మాట బయటికి వచ్చేసింది.

గవర్రాజు మొదటి రోజే రంగు డబ్బా మూత తీశాడు. తుప్పు గీకలేదు. చిల్లులు పడిన చోట లప్పం మెత్తాడు, దాని మీద దట్టంగా రంగు కొట్టాడు. పది రోజుల్లో పని ముగించి మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

తాతబ్బాయి కాస్త నయం. కంటికి కనిపించినంత మేర శుభ్రంగా గీకాడు. కనిపించని చోటికి చెయ్యి పోనివ్వలేదు. మిగిలిన రోజులన్నీ తలుపుల లోపలివైపు మల్లెతీగలు దిద్దుతూ కూర్చున్నాడు.

నూకాలు మాత్రం రంగు జోలికే పోలేదు. ముందు సీటు విప్పింది. తర్వాత డాష్‌బోర్డు విప్పింది. ఆ తర్వాత కింద పరిచిన రబ్బరు పట్టా లాగేసింది. పట్టా కింద అరచేతంత మేర పాత రంగు చెక్కుచెదరకుండా ఉంది. చిలకాకుపచ్చ! నాన్న కలిపిన రంగు! ఆమె ఆ రేకును కొంగుతో తుడిచింది.

పదిహేను రోజులు గరుకు కాగితంతో రుద్దింది. వేళ్లు పుళ్లు పడ్డాయి. చిల్లులు పడిన రేకు కోయించి కొత్త రేకు అతికించింది. తుప్పు మళ్లీ రాకుండా ఎర్ర ప్రైమరు పూసింది. ఆ చిలకాకుపచ్చ కుదిరేదాకా పదకొండు సార్లు రంగు కలిపింది.

అంతా సవ్యంగా జరిగితే ఇక కథేముంది? గడువు మూడు రోజులుందనగా ముసురు పట్టింది. తేమ తగిలి, సీటు కింద వేసిన రంగు తెల్లగా పాలిపోయింది. సీటు బిగించేస్తే అది ఎవరికీ కనబడదు. డాష్‌బోర్డుకు మెరుగు పెట్టాలంటేనేమో ఆ మూడు రోజులూ కావాలి.

అటుగా వచ్చిన గవర్రాజు తొంగి చూశాడు. "సీటు వేసెయ్ నూకాలూ! దాని కింద ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను కదన్నా," అంది నూకాలు.

పాలిపోయిన రంగంతా గీకేసింది. చుట్టూ గోనెపట్టాలు కట్టి, చెమ్మ సోకకుండా మళ్లీ మొదటి నుంచి వేసింది. అది ఆరేసరికి గడువు కాస్తా అయిపోయింది. డాష్‌బోర్డు మెరుగు లేకుండానే ఉండిపోయింది.

రాజుగారు వచ్చారు. గవర్రాజు బండిలో ముఖం చూసుకోవచ్చు, అంత మెరుపు. తాతబ్బాయి మల్లెతీగలు చూసి జనం "ఆహా" అన్నారు. నూకాలు డాష్‌బోర్డు చూసి ముఖాలు చిట్లించారు. నూకాలు తల దించుకోలేదు.

కోనవరం రంగులవాళ్లకు ఒక ఆచారం ఉంది. పని అప్పగించే ముందు, బండిలో నచ్చిన చోట తమ పేరు రాసుకోవాలి. గవర్రాజు డాష్‌బోర్డు నడుమ బారెడు అక్షరాలతో రాశాడు. తాతబ్బాయి తలుపు మీద, తీగల మధ్య రాశాడు.

నూకాలు చేతులు జోడించింది. "మహారాజా, ఒకసారి సీటు తియ్యనివ్వండి."

"సీటు ఎందుకమ్మా?"

"డాష్‌బోర్డు మీద రాయడానికి నాకు సిగ్గేస్తోంది మహారాజా. మెరుగు పెట్టలేకపోయాను. సీటు కింద మాత్రం నా పని నాకు నచ్చింది. నా పేరు అక్కడ ఉండటమే న్యాయం."

జనం గొల్లున నవ్వారు. రాజుగారు నవ్వలేదు. వంగి, సీటు తీసిన చోట చూశారు. వేలితో నిమిరారు. మూలమూలనా అదే చిలకాకుపచ్చ, అదే నునుపు. ఆయన లేచి మిగతా ఇద్దరి వైపు తిరిగారు.

"మీరూ సీటు కిందే రాయండి."

తాతబ్బాయి కుంచె కింద పెట్టేశాడు. "నా సీటు తీయించకండి మహారాజా. అక్కడ నేను చెయ్యి పెట్టలేదు."

గవర్రాజు డాష్‌బోర్డు వైపు వేలు చూపించాడు. "ఇక్కడ ఇంత చక్కగా రాశాను కదా మహారాజా!"

భటులు అతని సీటు ఎత్తారు. రాజుగారు బొటనవేలితో నొక్కితే లప్పం పెళ్లలుగా రాలి, వేలు రేకులోంచి కిందికి దిగిపోయింది.

"మా అమ్మ పొత్తిళ్లలో ఉండగా ఇలాంటి రేకు మీదే వరద దాటింది," అన్నారు రాజుగారు. "అది ఆ రోజు చిల్లుపడి ఉంటే ఇవాళ నేను ఉండేవాణ్ని కాదు. మెరుగుదేముంది, దసరాలోగా పెట్టుకోవచ్చు. కార్ఖానా నీదేనమ్మా నూకాలూ!"

గవర్రాజు చేతికి గరుకు కాగితం ఇచ్చి, ఆ కార్ఖానాలోనే తుప్పు గీకే పనిలో పెట్టారు.

దసరా నాడు చిలకాకుపచ్చ క్యాబిన్ బండి అన్నిటికన్నా ముందు నడిచింది. రాజుగారు నడుపుతుంటే, పక్కన నూకాలు నిటారుగా కూర్చుంది. నాన్న పాత కుంచె ఆమె కొప్పులో ఉంది. దారిలో ఒక ముసలమ్మ లోపలికి తొంగి చూసి, "ఇంత చేశావు, నీ పేరు ఎక్కడా కనబడదేమే?" అంది.

నూకాలు పకపకా నవ్వింది. "దాని మీదే కూర్చున్నాను అవ్వా!"

పిల్లలూ, ఎవరూ చూడని చోట కూడా మన పేరు ధైర్యంగా రాసుకోగలిగేలా చేసిందే మంచి పని.